కుంచం ఎవరి చేతిలో ఉన్నది?

"సర్వరు డౌను" అనేది యిప్పుడు తెలుగు మాటే అయిపోయింది. మీసేవ కేంద్రంలో కులధ్రువీకరణ పత్రం కోసం వచ్చిన విద్యార్థికీ, రేషను దుకాణంలో వేలిముద్ర యంత్రం ముందు నిలబడ్డ ముసలమ్మకూ, పాసుపుస్తకం కోసం తిరిగే రైతుకూ చెప్పే సమాధానం ఇదే. విన్నవాళ్ళు కూడా, వాన పడలేదంటే విన్నట్టుగా, ఎవరినీ తప్పుపట్టకుండా విని యింటికి పోతారు. వానకు మనిషి బాధ్యుడు కాడు. సర్వరుకు బాధ్యుడు మనిషే. ఒక యంత్రసముదాయం ఎందరి బరువు మొయ్యగలదో, ఎక్కడ విరుగుతుందో, విరిగినప్పుడు ఏం పోగొడుతుందో ముందుగా తెలుసుకునే విద్య ఒకటి ఉన్నది. ఆ విద్యకు నలభై యేళ్ళ చరిత్ర కూడా ఉన్నది. ఆ చరిత్రలో పదేపదే కనిపించే తగాదా ఒక్కటే: కొలిచే పాత్ర అమ్మేవాడి చేతిలో ఉండాలా, కొనేవాడి చేతిలో ఉండాలా?

ఆ తగాదాను హైదరాబాదు వైపునుంచి చూడాలని నా ప్రయత్నం. ఇది ఇంజనీర్ల గొడవ గదా, రచయితల సంఘం పత్రికకు దీనితో ఏం పని అని మన మిత్రులే కొందరు అనవచ్చు. భూమిమీద హక్కు కాగితంలోనుంచి యంత్రంలోకి వెళ్ళిపోయిన తరవాత యంత్రం గొడవ ఇంజనీర్ల గొడవగా మిగలదని వారికి నా మనవి.

హైదరాబాదులో కంప్యూటరు చరిత్ర 1998 నవంబరులో, అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిననాడే మొదలయిందని చాలామంది నమ్మకం. ఆ భవనాన్ని రాష్ట్ర ప్రభుత్వపు పారిశ్రామిక వసతుల సంస్థా, లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ కలిసి నిర్మించాయి. బండరాళ్ళ మధ్య గుండ్రంగా లేచిన ఆ అద్దాల మేడ ఫొటో ఎంతమందికి కంటబడిందో లెక్కలేదు. ఫొటోకు లొంగని చరిత్ర దానికి ముందే ముప్ఫై యేళ్ళు నడిచింది. ప్రభుత్వరంగంలో ఇసిఐఎల్ ఇక్కడ 1967లో పుట్టింది. దేశంలో అమ్మకానికి తయారయిన తొలి కంప్యూటర్లు దానివే. 1978లో ఐబిఎమ్ కంపెనీ మన చట్టాలకు లోబడి ఉండటం యిష్టం లేక దేశం వదిలి వెళ్ళినప్పుడు, అది వదిలేసిన యంత్రాల బాగోగులు చూసే పని సిఎమ్‌సి అనే మరొక ప్రభుత్వసంస్థ మీద పడింది. సిఎమ్‌సి పరిశోధన విభాగం హైదరాబాదులో ఉండేది. రైల్వే రిజర్వేషన్ల కోసం ఆ సంస్థ తయారుచేసిన ఇంప్రెస్ అనే వ్యవస్థ 1985లో ఢిల్లీలో పని మొదలుపెట్టింది. ఆ తరవాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకూ కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చింది.

అయిదు కేంద్రాలూ అయిదు దీవులు. ఒక కేంద్రం చేతిలో ఉన్న రైలు వివరాలు యింకొక కేంద్రం యంత్రానికి తెలియవు. వీటిని కలిపే పని 1986లో ఏర్పడిన రైల్వేవారి సొంత సంస్థ క్రిస్ తలకెత్తుకున్నది. దాని పేరు కన్సర్ట్. అది మొట్టమొదట అమలయింది ఢిల్లీలో కాదు, బొంబాయిలో కాదు. 1994 సెప్టెంబరులో మన సికింద్రాబాదులో. 1999 ఏప్రిలు నాటికి అయిదు కేంద్రాలూ కలిశాయి. ఏ కౌంటరు ముందు నిలబడ్డా దేశంలో ఎక్కడినుంచి ఎక్కడికయినా టిక్కెట్టు కొనుక్కోవచ్చు. ప్రతి కేంద్రమూ తన రైళ్ళ లెక్క తన దగ్గరే పెట్టుకుంటుంది, అడిగినవారికి చెబుతుంది. లెక్క ఒకచోట కుప్పగా ఉండకుండా పలుచోట్ల పరుచుకుని ఉండి, చూసేవాడికి మాత్రం ఒకే లెక్కలాగా కనిపించే యీ అమరికను ఇంజనీర్లు డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసు అంటారు. హైటెక్ సిటీకి నాలుగేళ్ళ ముందే, ప్రభుత్వ ఉద్యోగుల చేతులమీదుగా, మూడో తరగతి ప్రయాణీకుడి అవసరం కోసం ఆ పని సికింద్రాబాదులో జరిగింది. (మూడో తరగతి పేరు 1974లో తీసేశారు గాని, ప్రయాణీకుడు మారలేదు.) సిఎమ్‌సిని 2001లో టాటాలకు అమ్మేశారు. ఆ పేరు కూడా యిప్పుడు లేదు.

ఇక ఆ తరహా డేటాబేసులో చిక్కు ఎక్కడున్నదో చూద్దాం. కన్సర్ట్‌లో ఒక రైలు లెక్క ఒకచోటే ఉంటుంది. తరవాత వచ్చిన వ్యవస్థలు అంతకన్న ముందుకు పోయి, ఒకే లెక్కకు రెండు మూడు నకళ్ళు వేరువేరు యంత్రాలలో ఉంచుతాయి. ఒకటి చెడిపోయినా మరొకటి పనిచేస్తుందని ఆశ. నకలు ఉన్నచోట పేచీ కూడా ఉంటుంది. నాంపల్లిలో ఒక గుమాస్తా, సికింద్రాబాదులో ఒక గుమాస్తా ఒకే రిజిష్టరుకు చెరొక నకలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారనుకోండి. ఒకరు బెర్తు అమ్మినప్పుడల్లా రెండోవారికి టెలిఫోను చేసి చెబుతారు. ఒక బెర్తు మిగిలింది, అంతలో టెలిఫోను తీగ తెగింది. అవతలివాడు అమ్మాడో లేదో యివతలివాడికి తెలియదు. వాడు చెయ్యగలిగినవి రెండే. తీగ బాగయ్యేదాకా అమ్మకం ఆపెయ్యటం ఒకటి. ఏమయితే అయిందని అమ్మెయ్యటం రెండోది. ఆపితే వరసలో ఉన్నవాళ్ళు తిడతారు. అమ్మితే ఒకే బెర్తుమీద యిద్దరు ప్రయాణీకులు తేలవచ్చు. మూడోదారి లేదు. 2000లో ఎరిక్ బ్రూయర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు యీ సంగతిని ఒక ప్రతిపాదనగా చెప్పాడు. 2002లో గిల్బర్ట్, లించ్ అనే యిద్దరు దాన్ని గణితరీత్యా రుజువు చేశారు. ఇందులో సిద్ధాంతకాఠిన్యం ఏమీ లేదు. సైబరాబాదు రోడ్లమీద మురుగు గొట్టం కోసం తవ్వే పలుగు కేబుల్‌ను తెంచిన ప్రతిసారీ యీ సిద్ధాంతం రుజువవుతూనే ఉంటుంది.

గణితం మూడోదారి లేదన్నది. మార్కెట్టు మాత్రం ఉన్నదని చెప్పి అమ్మింది. మా సరుకు ఎన్నడూ ఆగదు, ఎన్నడూ తప్పుచెప్పదు, ఎంత బరువయినా మోస్తుంది అని ప్రతి కంపెనీ ప్రకటించుకున్నది. నిజమెంతో తేల్చటానికి కొలత కావాలి. కొలతల చరిత్ర మన పాఠకులకు కొత్త కాదు. తెలంగాణలో నాగు యిచ్చిన షావుకారు కళ్లందగ్గరికి తన కుంచం తానే తెచ్చుకునేవాడు. యిచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేటప్పుడు మరొక కుంచం. రైతు చేతి లెక్క ఏదయినా, పద్దులోకి ఎక్కేది షావుకారి కుంచం లెక్కే. తూనికలూ కొలతల చట్టం 1956లో వచ్చి, ప్రభుత్వ ముద్ర ఉన్న రాళ్ళు అంగట్లోకి రావటం చిన్న సంస్కరణ అనుకోవటం పొరపాటు. కొలపాత్ర అమ్మేవాడి సొత్తు కాదని చట్టం ఒప్పుకోవటం అది.

డేటాబేసుల రంగంలో ఆ ఒప్పుదల యింకా పూర్తికాలేదు. 1983లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డివిట్, ఆయన సహచరులూ కలిసి అప్పటి డేటాబేసులన్నిటికీ ఒకే రకం ప్రశ్నలు వేసి, ఏది ఎంతసేపట్లో జవాబు చెబుతుందో అచ్చువేశారు. పేర్లతో సహా అచ్చువేశారు. ఒరాకిల్ కంపెనీకి ఆ ఫలితాలు నచ్చలేదు. తరవాత ఆ కంపెనీ తన అమ్మకపు ఒప్పందంలో ఒక షరతు చేర్చింది: మా డేటాబేసు వేగం కొలిచి, ఆ ఫలితాలను మా అనుమతి లేకుండా బయట పెట్టరాదు. మరికొన్ని కంపెనీలు కూడా ఆ బాట పట్టాయి. దానికి డివిట్ క్లాజు అని యీనాటికీ పేరు. డబ్బు పెట్టి కొన్న మనిషి, కొన్నదాన్ని తూచి చూసుకోవచ్చు గాని, ఎంత తూగిందో పొరుగువాడికి చెప్పకూడదు! యింత బాహాటంగా ఏ షావుకారూ అని ఉండడు.

దీనికి విరుగుడుగా ఒక ప్రయత్నం జరగకపోలేదు. 1985 ఏప్రిల్ 1న డేటామేషన్ అనే పత్రికలో జిమ్ గ్రే, మరికొందరూ కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. రచయిత పేరుండవలసినచోట "అనామకుడు, మరికొందరు" అని ఉన్నది. బ్యాంకులో డబ్బు వేసే, తీసే వ్యవహారాన్నే కొలతగా పెట్టుకుని, సెకనుకు ఎన్ని వ్యవహారాలు జరుగుతాయి, ఒక్కొక్కదానికి ఎంత ఖర్చు పడుతుంది అని లెక్కకట్టమన్నారు. ఆ వ్యాసం మూలాన 1988లో కంపెనీలన్నీ కలిసి టిపిసి అనే మండలిని పెట్టుకున్నాయి. 1992లో వచ్చిన టిపిసి-సి అనే కొలత పాతికేళ్ళకు పైగా పరిశ్రమలో చెలామణి అయింది. మండలి నియమాలు గట్టివే. పరీక్ష వివరాలన్నీ బయటపెట్టాలన్నారు. కాని ఆ పరీక్ష పెట్టటానికి కావలసిన యంత్రాల ఖర్చు కంపెనీలు భరించగలవు గాని, ఒక కాలేజీ భరించలేదు. కొలత నిజమయినదే అయినా దాన్ని ఎత్తగలిగిన చెయ్యి మాత్రం అమ్మేవాడిదే.

యీ దశలోనే హైదరాబాదు మళ్ళీ కథలోకి వస్తుంది, హైటెక్ సిటీ ద్వారా కాదు, అమీర్‌పేట ద్వారా. 2000 తరవాతి పదేళ్ళలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలమీద "టెస్టింగ్ టూల్స్" అని వెయ్యని బోర్డు లేదు. నల్లగొండనుంచి, ఒంగోలునుంచి, అనంతపురంనుంచి డిగ్రీ చేతపట్టుకు వచ్చిన పిల్లలు హాస్టలు గదుల్లో ఆరుగురేసి ఉండి విన్‌రన్నర్, లోడ్‌రన్నర్ నేర్చుకున్నారు. ఇవి మెర్క్యురీ అనే కంపెనీ సరుకులు. ఆ కంపెనీని 2006లో హెచ్‌పి వారు 450 కోట్ల డాలర్లకు కొన్నారు. లోడ్‌రన్నర్ చేసే పని ఏమిటంటే, వెయ్యిమంది మనుషులు ఒకేసారి వచ్చి పడినట్టుగా నటించి సర్వరును అదిలించటం. దాని లైసెన్సు ఖరీదు ఆ నటించే మనుషుల సంఖ్యనుబట్టి ఉండేది. లేని మనుషులకు తలకింత అని సుంకం వసూలు చేసిన ఘనత చరిత్రలో యీ పరిశ్రమకే దక్కింది.

అమీర్‌పేట పిల్లలకు హైటెక్ సిటీలో ఉద్యోగాలు దొరికాయి. అయితే అక్కడ కూడా కులాల వంటివి ఉన్నాయి. కోడు రాసేవాడు పైమెట్టు; పరీక్షించేవాడు కిందమెట్టు. ఇది నేను చదివి చెబుతున్న విషయం కాదు. కొన్నాళ్ళు ఆ కిందమెట్టు మీద నేనూ కూర్చున్నాను. సరుకు అప్పగించవలసిన రోజు దగ్గర పడినకొద్దీ పరీక్షకు కేటాయించిన రోజులు తరుగుతాయి. బరువు పరీక్ష చిట్టచివర ఉంటుంది గనక మొట్టమొదట కోతపడేది దానికే. ఇందులో ఏ ఒక్క మేనేజరు దుర్మార్గమూ లేదు. గడువుకు అప్పగిస్తే డబ్బు వస్తుంది, లోపం కనిపెడితే ఖర్చు పెరుగుతుంది అన్న లెక్కలోనే అది ఉన్నది.

అమ్మేవాడి కొలతకు ఎదురుగా లేచినవే ఓపెన్‌సోర్స్ పరికరాలు. ఏ కార్యక్రమపు మూలపాఠాన్ని ఎవరయినా చదవవచ్చో, మార్చవచ్చో, పంచిపెట్టవచ్చో అది ఓపెన్‌సోర్స్. దీనికి వెనక రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఉన్నది. మన హైదరాబాదులో "స్వేచ్ఛ" సంస్థవారు కంప్యూటరుకు తెలుగు నేర్పే పని చేసింది ఆ స్ఫూర్తితోనే. లోడ్‌రన్నర్ చేసే పనిని 1998లో పుట్టిన జెమీటర్ పైసా అడగకుండా చేసిపెట్టింది. డేటాబేసుల విషయంలో పెద్ద మలుపు 2010లో వచ్చింది. యాహూ కంపెనీలో బ్రయన్ కూపర్, రఘు రామకృష్ణన్ మొదలైన అయిదుగురు వైసిఎస్‌బి అనే పరికరాన్ని తయారుచేసి, మూలపాఠంతో సహా లోకానికి యిచ్చారు. అందులో ఆరు రకాల పనులున్నాయి. ఒకదానిలో సగం చదవటం, సగం మార్చటం. ఒకదానిలో నూటికి తొంభై అయిదు చదవటమే. మరొకదానిలో చదివి, మార్చి, తిరిగి రాయటం. అన్ని లెక్కలనూ అందరూ సమానంగా అడగరనే లోకజ్ఞానం కూడా అందులో ఉన్నది. కొన్ని లెక్కలమీదనే జనం విరగబడేటట్టు అమర్చవచ్చు. పొద్దున 10 గంటలకు తత్కాల్ టిక్కెట్టు కోసం ఒకే రైలుమీద దేశం పడటం చూసినవారికి దీని అవసరం చెప్పనక్కరలేదు.

అయినా వైసిఎస్‌బి చెప్పేది వేగం ఒక్కటే. నిజం చెబుతున్నదా అన్న ప్రశ్న అది వెయ్యదు. ఆ ప్రశ్న వేసినవాడు కైల్ కింగ్స్‌బరీ అనే ఒంటరి మనిషి. 2013లో అతడు జెప్సెన్ అనే పరికరాన్ని బయటపెట్టాడు. దాని పద్ధతి చూడండి. అయిదు యంత్రాలమీద డేటాబేసును నడిపిస్తాడు. అది రాయి, యిది చదువు అని నలువైపులనుంచీ అడుగుతూ ఉంటాడు. మధ్యలో తీగ తెంచుతాడు, అంటే అయిదింటిని మూడు ఒకవైపు, రెండు ఒకవైపుగా విడగొడతాడు; గడియారాలు తప్పుగా తిప్పుతాడు; నడుస్తున్న యంత్రం పీక నొక్కుతాడు. కాసేపటికి అన్నిటినీ మళ్ళీ కలుపుతాడు. "సరే, రాసుకున్నాను" అని డేటాబేసు ఒప్పుకున్న ప్రతి మాటా అతని పద్దులో ఉంటుంది గనక, చివరకు మిగిలినదానితో సరిచూస్తాడు. కళ్లందగ్గర రైతు తానే ఒక పద్దు రాసుకున్నట్టు.

అప్పటి ఒక పరీక్షలో రెడిస్ అనే డేటాబేసుకు, దాని కాపలాదారు కార్యక్రమం సెంటినెల్‌తో కలిపి, 2000 వ్రాతలు యిచ్చాడు. 1998 రాసుకున్నానన్నది. తీగలు కలిపిన తరవాత చూస్తే మిగిలినవి 872. పదకొండువందల యిరవయ్యారు వ్రాతలు, ఒప్పుకున్నవే, పోయాయి. కారణం మన గుమాస్తాల కథే. తీగ తెగినప్పుడు అవతలివైపు కొత్త పెద్దను ఎన్నుకున్నారు. యివతల పాత పెద్ద తనకు పదవి పోయిన సంగతి తెలియక రాసుకుంటూ పోయాడు. కలిసిన తరవాత పాతవాడి పద్దు చెరిపేశారు. ఏ యంత్రమూ చెడిపోలేదు, ఏ తెరమీదా "సర్వరు డౌను" అని పడలేదు. ఆగిపోయిన సర్వరుకన్న నవ్వుతూ తప్పు చెప్పే సర్వరు ప్రమాదకరం అని నేననేది అందుకే.

తరవాత మోంగోడిబి, కసాండ్ర, ఎలాస్టిక్‌సెర్చ్ వంటి పేరున్నవాటినే యీ బల్లమీదికి ఎక్కించాడు. దాదాపు ప్రతిదానిలోనూ కంపెనీ ప్రకటనకూ, వాస్తవానికీ మధ్య దూరం బయటపడింది. 2020లో మోంగోడిబి వారు జెప్సెన్ పరీక్షను తమ ప్రశంసాపత్రంలాగా వాడుకోబోతే, కొత్త కూర్పును తిరిగి పరీక్షించి లోపాలు అచ్చువేశాడు. లోపం బయటపడ్డ కంపెనీలు చాలావరకు దిద్దుకున్నాయి. కొన్ని కంపెనీలు తమ సరుకును పరీక్షించమని డబ్బిచ్చి పిలవటం కూడా జరిగింది. ఫలితం ఏదయినా బయట పెడతానన్న షరతుమీదనే అతడు ఒప్పుకుంటాడు. డివిట్ క్లాజును తలకిందులు చెయ్యటం అంటే ఇదే. నెట్‌ఫ్లిక్స్ కంపెనీ 2012లో వదిలిన కేయాస్ మంకీ కూడా యీ వంశంలోదే. పనివేళల్లో తమ సొంత యంత్రాలనే యిష్టం వచ్చినట్టు పడగొట్టి, తట్టుకుంటున్నామా లేదా అని చూసుకునే కోతి అది. మన బెంగుళూరు ఇంజనీర్లు మొదలుపెట్టిన లిట్మస్ ఆ కోవలోదే.

ఇంతవరకు చదివి, అయితే మూలపాఠం తెరిస్తే విముక్తి వచ్చినట్టేనా అని ఎవరయినా అడిగితే, కాదని చెప్పక తప్పదు. మన వామపక్ష మిత్రులలో ఓపెన్‌సోర్స్ అనగానే ఉమ్మడి సొత్తు వచ్చేసిందని చప్పట్లు కొట్టేవారున్నారు. ఇదంతా కంపెనీలకు చేసే వెట్టిచాకిరీ అని కొట్టిపారేసేవారూ ఉన్నారు. రెండు మాటలూ సగం సగం నిజాలు. పరికరం ఉచితమే, కాని దాన్ని పరీక్షించేచోటు ఉచితం కాదు. క్లౌడు అంటే మేఘం గదా. యీ మేఘం ఆకాశంలో లేదు. రంగారెడ్డి జిల్లాలో చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేట వంటి ఊళ్ళ నేలమీద ఉన్నది. అమెజాన్ కంపెనీ 20,761 కోట్ల రూపాయల పెట్టుబడి అని 2020లో ప్రకటించి, 2022 నవంబరులో హైదరాబాదు క్లౌడును తెరిచింది. అక్కడి యంత్రాలు గంటకింత అని అద్దె. లక్షమంది వచ్చినట్టు నటించాలంటే ఆ నటనకు సరిపడా యంత్రాలు అద్దెకు తీసుకోవాలి. నెట్‌వర్కుమీద మరీ పెద్ద ఒత్తిడి పెట్టాలంటే కంపెనీకి ముందే చెప్పుకోవాలి. కుంచం మనదయింది, కళ్లం వాడిదయింది.

ఉమ్మడి పొలానికి కంచెలు వెయ్యటం కూడా మొదలయింది. 2018లో మోంగోడిబి, 2019లో కాక్రోచ్‌డిబి, 2021లో ఎలాస్టిక్, 2024లో రెడిస్ తమ లైసెన్సులు బిగించాయి. పెద్ద క్లౌడు కంపెనీలు మా పంట ఊరికే కోసుకుపోయి అమ్ముకుంటున్నాయన్నది వాటి ఫిర్యాదు. ఆ ఫిర్యాదు అబద్ధమేమీ కాదు. చిన్న పెట్టుబడి, పెద్ద పెట్టుబడి కొట్లాడుకుంటే లేగదూడ కాళ్ళు విరిగినట్టు, మధ్య నలిగింది ఊరికే రాసియిచ్చిన వేలాది మనుషుల శ్రమ. అయితే చెప్పవలసిన రెండోపక్క కూడా ఉన్నది: రెడిస్ కంచె వేసిన నెలలోనే పాత మూలపాఠాన్ని తీసుకుని వాల్కీ అనే పేరుతో వేరుకాపురం పెట్టారు. తరవాత ఎలాస్టిక్, రెడిస్ రెండూ ఓపెన్‌సోర్స్ లైసెన్సును మళ్ళీ జతచేసుకున్నాయి. ఒకసారి అందరి చేతుల్లోకి వచ్చిన పాఠాన్ని పూర్తిగా వెనక్కి గుంజుకోవటం భూమిని గుంజుకున్నంత సులభం కాదు.

ఇక మన సొంత యిల్లు చూసుకుందాం. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చాయి. పరీక్ష రాసినవారు తొమ్మిది లక్షలకు పైన. ఫలితాల పనిని ఒక ప్రైవేటు సంస్థకు కొత్తగా అప్పగించారు. పరీక్షకు హాజరయినవాళ్ళు హాజరు కానట్టు పడ్డారు. మొదటి సంవత్సరం ఎంతో బాగా ప్యాసయిన మంచిర్యాల జిల్లా అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. తిరిగి చూస్తే 99. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతి మరణానికీ ఆ యంత్రమే కారణమని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. పైగా ఆ సున్నా యంత్రం వేసినది కాదు, దిద్దినవారు గడులు నింపటంలో జరిగిన పొరపాటు. కాని నిరుడు అగ్రశ్రేణిలో ఉన్న విద్యార్థికి యీ యేడు సున్నా వస్తే "ఆగు, మళ్ళీ చూడు" అనవలసిన పని యంత్రానిదే. ప్రభుత్వం వేసిన ముగ్గురి కమిటీ, పాత పద్ధతిని కొత్తదానితో పక్కపక్కన నడిపి సరిచూసుకోలేదని ఎత్తిచూపింది. ఇది డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసు లోపం కాదు, క్లౌడు లోపం అంతకంటే కాదు. అయినా యీ వ్యాసంలో దీని చోటు దీనిదే: జెప్సెన్ చేసే పనీ, కమిటీ అడిగిన పనీ ఒకటే. వ్యవస్థ తన గురించి తాను చెప్పుకునేదాన్ని నమ్మకుండా, పక్కన యింకొక పద్దు రాసి సరిచూడటం.

బరువు సంగతి కోవిన్ చెబుతుంది. 2021 ఏప్రిల్ 28న పద్ధెనిమిదేళ్ళు నిండినవారందరికీ టీకా నమోదు తెరిచిన సాయంత్రం అది కాసేపు చేతులెత్తేసింది. ఆ ఒక్కరోజే కోటిమందికి పైగా నమోదయ్యారు. కోటిమంది ఒకే గంటలో వస్తారని తెలియటానికి జ్యోతిషం అక్కరలేదు. 2020 అక్టోబరు 29న మొదలయిన ధరణి గురించి రైతులు నాలుగేళ్ళు ఏం పడ్డారో పాఠకులకు నేను చెప్పవలసింది లేదు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ధరణి దోషాలు చాలావరకు చట్టంలోనివీ, పాత రికార్డులలోనివీ. వాటిని సర్వరుమీద తోసెయ్యటం అధికారులకు సుఖం గనక మనం ఆ మాట వాళ్ళ చేత అనిపించకూడదు. కాని ఎకరం భూమి ఎవరిదో చెప్పే యంత్రం ఏ పరీక్షలకు నిలబడిందో ఆ ఎకరం దున్నేవాడికి తెలియవలసిన అవసరం లేదా?

పరీక్షా ఫలితాలు బయటపెడితే దొంగలకు దారి చూపినట్టు కాదా అని అధికారులు అనవచ్చు. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసెయ్యను. తాళంచెవి ఎక్కడుందో చెప్పటం వేరు, తలుపు ఎంత బరువుకు ఊడుతుందో చెప్పటం వేరు. రైలు వంతెనను ప్రజలకు తెరిచేముందు బరువున్న వాగన్లు నడిపించి చూస్తారు. ఎన్ని టన్నులకు ఎంత వంగిందో రాసిపెడతారు. అది చూసి వంతెనలు కూల్చిన దొంగ లేడు. వైసిఎస్‌బి అంకెలూ, జెప్సెన్ పద్దూ అటువంటివే. ప్రజల డబ్బుతో కట్టిన ప్రతి వ్యవస్థకూ యీ రెండు పరీక్షలయినా ఓపెన్‌సోర్స్ పరికరాలతో, కట్టినవాడు కాకుండా వేరొకరు చెయ్యాలనీ, ఫలితాలు తెరిచి ఉంచాలనీ టెండరు షరతులలో రాయవచ్చు. ఆ వేరొకరు మన విశ్వవిద్యాలయాలే కావచ్చు. తెలంగాణ ఐటి రంగంలో 2023 లెక్కనుబట్టి 9 లక్షలమందికి పైగా పనిచేస్తున్నారు. వారిలో యీ పరీక్షలు చెయ్యగలవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళు యిప్పుడు ఆ పనిని అమెరికా బ్యాంకులకూ, బీమా కంపెనీలకూ చేసిపెడుతున్నారు.

క్లౌడు అద్దె లేకుండా యీ పని ఎంతవరకు చెయ్యవచ్చో చూద్దామని మా కాలేజీ ప్రయోగశాలలో మూడో సంవత్సరం విద్యార్థుల చేత మొదలుపెట్టించాను. అయిదు పాత కంప్యూటర్లు, ఒక స్విచ్చి, ఒక ఓపెన్‌సోర్స్ డేటాబేసు. నమోదు ఫారాల వంటి లెక్క ఒకటి వాళ్ళే అల్లారు. తీగ తెంచటానికి కార్యక్రమం ఎందుకు సార్, నేనే పీకుతానని ఒక కుర్రాడు స్విచ్చి దగ్గర కూర్చున్నాడు. మొదటిసారి పీకినప్పుడు డేటాబేసు ఆగిపోయింది. పిల్లలు పెదవి విరిచారు. అమరిక కొంచెం సడలించి రెండోసారి పీకితే ఆగకుండా అన్నిటికీ సరేనన్నది, పిల్లలు సంతోషించారు. తీగ తిరిగి పెట్టి తమ పద్దుతో పోల్చుకునేసరికి గది నిశ్శబ్దమయింది. రెండింటిలో ఏది మంచి యంత్రం అని వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటూండగా గంట కొట్టారు. పోయిన ఫారాలు ఏ యంత్రంలో, ఏ క్షణాన పోయాయో లెక్క తియ్యటం వచ్చేవారం పని.